ఇంటికొక గంప చవుడు

పోయిన వారం మూడు రోజులు వదలకుండా ముసురు పట్టి, నరసరావుపేటలో మా మనవరాలు వాళ్లుండే ఇంట్లో పడకగది పైకప్పు ఒక మూల చెమ్మగిల్లి, మధ్యాహ్నానికల్లా చుక్కచుక్కగా కారడం మొదలుపెట్టింది. మనవరాలు ఫోనులో ఎవరికో కబురు చెప్పిందో లేదో, గంట తిరక్కుండా ఒకాయన మోటారు సైకిలు మీద రెండు డబ్బాలు, ఒక సుత్తి వేసుకుని దిగాడు. మేడ మీదికెక్కి అక్కడా ఇక్కడా కొట్టి చూసి, కిందికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఇంతకు ముందే ఎవురో రెండు పూతలు ఏసున్నారమ్మా. పాతది గీకకుండా మీదమీద ఏసుకుంటా పోతే బరువు పెరగటమేగాని కారుడు ఆగదు" అన్నాడు. రోజుకు నాలుగిళ్లలో అనే మాటే అయివుంటుంది, మామూలుగా అనేసి తన పనిలో పడ్డాడు. నాకు మాత్రం చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టక తప్పలేదు. సరిగ్గా ఆ మాటే చెప్పాలని, చెప్పడానికి నోరు లేక, ఒక పెద్దమనిషి రెండు రోజులు మంచంలో పెనుగులాడడం నేను కళ్లారా చూశాను. అది జరిగి అరవై ఏళ్లు దాటిపోయింది.

పల్నాటి మట్టి మిద్దెలు ఎలా ఉండేవో నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, ఇది మీ పక్కన కూర్చుని ఎవరైనా పిల్లలు చదివితే వాళ్ల కోసం చెబుతాను. రాతి గోడల మీద ఇంటి నడిమికి ఒక లావుపాటి దూలం, దాని మీద అడ్డంగా కర్రలు, కర్రల మీద కంపా ఆకూ, ఆ పైన బంకమట్టి, అన్నిటి మీదా చవుడు. గడ్డి పరక కూడా మొలవని ఉప్పునేల మట్టి అది. చేలో ఉంటే రైతు తిట్టుకునే ఆ తెల్లమట్టే ఇంటి మీద పరిచి తొక్కితే నీటిబొట్టును కిందికి దిగనివ్వదు. మాది రొంపిచెర్ల వైపు, పూరిల్లు. ఇంటి మీద మనుషులు నడుస్తారన్న సంగతే తెలియని నేను, గురజాలకు కాస్త ఎడంగా ఉన్న ఆ ఊరికి కాపురానికి వెళ్లిన మర్నాడు పొద్దున్నే నెత్తి మీద అడుగుల చప్పుడు విని దొంగలనుకుని అత్తగారి చెయ్యి పట్టుకున్నాను. పైన మీ మామ మిరపకాయలు ఎండబోస్తున్నాడే అని ఆవిడ పడీ పడీ నవ్వి, ఆ ముచ్చట నాలుగిళ్లలోనూ చెప్పి వచ్చింది. అప్పటినుంచి ఆ వాడలో నా పేరు పూరింటి పిల్ల. ముద్దుగానే అనేవారు, నేనూ నవ్వేదాన్ని. ఆ పేరే ఒకనాడు నా నోటికి అడ్డం పడుతుందని అప్పుడేం తెలుసు.

మా మామగారు మిద్దెలు వేసే మేస్త్రి. ఆ ఊళ్లో ఆయన చెయ్యి పడని ఇల్లు లేదు. కొత్త మిద్దె వేయడం కంటే పాత మిద్దె చూసుకోవడమే కష్టమని ఆయన అనేవారట. ఏటా ఎండాకాలంలో జనం బండ్ల మీద చవుడు తోలుకొచ్చి పరిపిస్తారు, ఇల్లు కురిసినప్పుడల్లా ఇంకో నాలుగు గంపలు పోయిస్తారు, అలా ఏళ్ల తరబడి మట్టి పేరుకుపోతుంది. ఆయన ప్రతి ఇంటి మీదికీ ఎక్కి, గునపంతో చిన్న గుంట తవ్వి, బొటనవేలూ చిటికెనవేలూ చాపి జానతో లోతు చూసేవారు. జానెడు దాటిందంటే పాత చవుడంతా గీకి కింద పారబోసి మళ్లీ పలచగా వేయాల్సిందే. ఇంటివాళ్లు గునిసినా వినేవారు కాదు. అంతటి మనిషి మా మిద్దెను మాత్రం సొంతదే కదా, ఎప్పుడైనా చూసుకోవచ్చని ఆఖరికి పెట్టుకుంటూ వచ్చారు.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. ప్రతి ఇంటివాళ్లూ రెండు మూడు గంపల చవుడు గొడ్ల సావిట్లో ఒక మూల పొడిగా దాచుకునేవారు. ముసురులో ఎవరి మిద్దె కురిసినా ఇంటికొక గంప చొప్పున తీసుకెళ్లి ఆ ఇంటి మీద పోసి రావాలి. పిలుపు ఉండదు, కూలి ఉండదు. వద్దనే హక్కు మాత్రం కురుస్తున్న ఇంటివాళ్లకు లేదు. గంప వద్దంటే ఆ గంప తెచ్చిన ఇంటితో రాకపోకలే వద్దన్నట్టు. నిజం చెప్పాలంటే కాపురానికి వచ్చిన మొదటి వానాకాలంలో నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చింది అదే. మా పుట్టింట్లో చూరు కారితే మా నాన్న ఒక్కడే నిచ్చెనెక్కి తడుస్తూ గడ్డి ఎగదోసుకునేవాడు, పలకరించే దిక్కుండేది కాదు. ఇక్కడేమో ఒకరి ఇంట్లో తప్పేలా టంగుమంటే ఊరంతా గంపలతో కదిలేది. ఎంత మంచి మనుషుల మధ్య పడ్డానో అని పొంగిపోయాను.

రెండో ఎండాకాలం మామగారు ఎవరిదో మిద్దె గీకుతూ గీకుతూ అక్కడే కూలబడ్డారు. నలుగురు కలిసి నులకమంచం మీద మోసుకొచ్చారు. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. పసర్లు పోశారు, నూనెలు రాశారు, గురజాల నుంచి ఎవరినో పిలిపించి చూపించారు. ఎడమ చెయ్యీ, కళ్లూ తప్ప ఆయనలో కదిలేదేమీ మిగల్లేదు. అత్తగారు పొద్దున్నే పొలం కూలికి పోయేది. మా ఆయన నాపరాళ్ల గనికి పోయేవారు. రాయి కొట్టడం తప్ప మిద్దె పని ఆయనకు తెలియదు, తండ్రి దగ్గర నేర్చుకోవాలని తోచలేదు, తోచేసరికి నేర్పే మనిషి మంచాన పడ్డాడు. ఇక పగలు ఇంట్లో మిగిలింది మామగారూ నేనూ. పదిహేడేళ్లు నిండని దాన్ని, మామగారి ఎదుట తలెత్తి మాట్లాడని రోజులవి. ఆయన మాట్లాడలేరు, నేను మాట్లాడకూడదు. గంజి చెంచాతో పోసేటప్పుడు వేడిగా ఉంటే ఎడమ కన్ను కొంచెం మూసేవారు, చాలనుకుంటే వేళ్లు మంచం కోడు మీద ఆనించేవారు. అలా అలా ఆయన చెయ్యి చెప్పేది నాకు తెలియడం మొదలైంది. అత్తగారికి కూడా తెలియనంతగా తెలిసిందని ఇప్పుడు చెప్పుకుంటే గొప్పగా ఉంటుందేమో గాని, నిజం అదే.

యుద్ధం అయిపోయి, స్వతంత్రం ఇంకా రాని ఆ ఏడు కార్తీకంలో సముద్రం వైపు తుఫాను పట్టింది. బాపట్ల వైపు ఏం కొట్టుకుపోయిందో మాకు తెలియదు గాని, మా మీద మాత్రం ఆకాశం మూతపెట్టినట్టు ముసురు దిగింది. కిరసనాయిలు చీటీల మీద ఇచ్చే కాలం కనుక పగలంతా ఇంట్లో చీకట్లోనే తడుముకునేవాళ్లం. రెండో రోజు మామగారి మంచం పక్కన గోడ మూల ఇల్లు కురవడం మొదలైంది. ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి చూపించారు. కారుతోంది అంటున్నారనుకుని తప్పేలా పెట్టాను. ఆయన చెయ్యి దించలేదు. పక్కమీద పడుతోందేమోనని అత్తగారూ నేనూ మంచాన్ని ఈడ్చి, ఇంట్లో చుక్క పడని చోటు ఒక్కటే ఉంటే అక్కడ వేశాం. ఆ చోటు ఇంటి నడిమిన, వాకిలి గడపకు రెండడుగుల్లో, దూలం కింద.

ఆయన కళ్లలో అప్పుడు కనిపించిన భయం నేను మరిచిపోలేను. మంచం కోడు పట్టుకుని ఊపేస్తున్నారు, గొంతులోంచి ఏదో వస్తోంది, మాట కాదు. అత్తగారు కొంగుతో ముఖం తుడిచి, చలేస్తోంది గామాలు అని నా దుప్పటి కూడా తెచ్చి కప్పింది.

మేస్త్రి ఇల్లే కురుస్తోందన్న మాట ఊళ్లో ఎంతసేపు ఆగుతుంది? మూడో రోజు పొద్దున ఎదురింటి బాబాయి మొదటి గంపతో వచ్చాడు. ఆయన ఇల్లు కట్టుకునేనాటికి చేతిలో ఏమీ లేకపోతే మామగారు ఊరికే మిద్దె వేసి పెట్టారట, అందుకని ఒక గంప కాదు, రెండు తెచ్చాడు. ఆయన వెనక ఊరు కదిలింది. గోతాలు నెత్తిన కప్పుకుని, గొంగళ్లు కప్పుకుని, గంపల మీద తాటాకులు మూసుకుని, గోడలో దిగేసిన రాతిమెట్ల మీదుగా ఒకరి వెనక ఒకరు పైకెక్కి చవుడు కుమ్మరించడం, కాళ్లతో తొక్కడం. దిగినవాళ్లు ఊరికే పోతారా, లోపలికి వచ్చి మంచం పక్కన నిలబడి మామగారికి ముఖం చూపించి పోయేవారు.

"ఏం దిగులుపడబాకు అన్నా, నీ ఇల్లు కురవనిస్తావా మేము" అన్నాడు బాబాయి, ఆయన చెయ్యి పట్టుకుని.

మామగారు ఆ చెయ్యి విదిలించుకున్నారు. కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. చూసినవాళ్లంతా, ఎంత మంచి మనసు, ఊరు చేసిన దానికి కరిగిపోతున్నాడని వాళ్లూ కళ్లు తుడుచుకున్నారు. వాళ్లలో కొందరు ఇంటికిపోయి ఇంకో గంప తెచ్చారు.

అప్పుడు చూశాను. ఆయన ఎడమ చెయ్యి దుప్పటి మీద వెల్లకిలా ఉంది. బొటనవేలూ చిటికెనవేలూ చాపి, జాన. ఒకసారి కాదు, జాన వేసి, దాని పక్కన మళ్లీ జాన, మళ్లీ సగం. పైకి చూడడం, మళ్లీ జాన. చుక్క కారడం గురించి కాదు ఆయన రెండు రోజులుగా చెబుతున్నది. నెత్తి మీద రెండు జానలు దాటిన తడిమట్టి ఉంది, దాని మీద ఊరు మోస్తోంది, అని. తలెత్తి చూస్తే దూలం గోడలో దూరిన చోటునుంచి, పిండి జల్లిస్తున్నట్టు సన్నగా మన్ను రాలుతోంది.

అత్తగారి దగ్గరికి పరుగెత్తి చెప్పాను. ఆవిడ వచ్చినవాళ్లకు అల్లం కాఫీ కాస్తూ, పొగకు కళ్లు నులుముకుంటూ నా వంక చిరాగ్గా చూసింది. "నోర్ముయ్యవే. చానామంది మగోళ్లు పైనుండారు, వాళ్లకు తెలవంది పూరింటిదానివి నీకు తెలుసా?" అంది. ఆవిడను తప్పు పట్టను. మూడు రోజులుగా నిద్రలేదు, మొగుడు అలా ఉన్నాడు, ఊరు వచ్చి ఆదుకుంటోంది, మధ్యలో కోడలు దూలం విరుగుతుందని అపశకునం పలికితే ఏ అత్త ఊరుకుంటుంది?

మెట్ల దగ్గరికి వెళ్లి వానలో నిలబడ్డాను. పైన ఎంతమంది ఉన్నారో లెక్కలేదు, కాళ్లు కనిపిస్తున్నాయి, నవ్వులు వినిపిస్తున్నాయి. అరిస్తే ఆగుతారు. ఒక్క కేక చాలు. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను గాని నోరు పెగల్లేదు. కొత్త కోడలు వాకిట్లో నిలబడి మగవాళ్ల మీద కేక వేయడమన్నది మేము చూసిన పని కాదు, విన్న పని కాదు. మా ఆయన గంప కోసం కిందికి దిగితే చెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాగాను. పదిమందిలో ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. చెప్పాను. జాన సంగతి, మన్ను రాలడం, అన్నీ. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూడలేదు. ముఖంలో నెత్తురు లేదు. లోపలికి పోయి దూలం చూసి వచ్చారు. మెట్లెక్కుతున్న వాళ్లను చూశారు.

"ఊరంతా వచ్చి చేస్తుంటే ఆపమని ఎట్టా చెప్పేది? ఎవురి గంప వొద్దనాలి?" అన్నారు మెల్లిగా. "వాన తెరిపియ్యంగానే నేనే గీకేస్తాలే" అన్నారు. మామగారిని వేరే ఇంటికి మారుద్దామని నేనంటే, కురవని ఇల్లు ఊళ్లో ఏదని ఆయన అడిగారు. నిజమే, ఏదీ లేదు. మంచమన్నా జరుపుదామంటే రెండు పక్కలా నీళ్లు. ఆయన గంప నెత్తికెత్తుకుని మళ్లీ పైకి పోయారు. ఆ గంపలో ఏముందో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం ఏమీ చేయలేకపోయాం.

ఇంకో వింత చెప్పాలి. వాన పడుతూనే ఉన్నా, మధ్యాహ్నానికి ఇల్లు కురవడం ఆగిపోయింది. తప్పేలాలో చుక్క పడడం లేదు. చూశావుటమ్మా అని ఒకామె నా బుగ్గ గిల్లింది. అందరూ కాఫీలు తాగి, తృప్తిగా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. నాకు కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, ప్రాణం కుదుటపడింది. నేనే అనవసరంగా హడలిపోయానేమో, పూరింటి పిల్లనే కదా అనుకున్నాను. అత్తగారు చుట్టుపక్కల వాళ్ల గిన్నెలు తిరిగివ్వడానికి వెళ్లింది. మా ఆయన వాకిట్లో నీళ్లు మళ్లిస్తున్నారు. నేను మామగారికి గంజి పడుతున్నాను.

రెండు చెంచాలు మింగారు. మూడోది పెదాల దగ్గర ఉండగా ఆయన కళ్లు పైకి పోయాయి. నాకేమీ వినిపించలేదు. ఆయనకు వినిపించింది, జన్మంతా దూలాల చప్పుళ్లు విన్న మనిషి. ఎడమ చేత్తో నా రొమ్ము మీద ఒక్క తోపు తోశారు. ఆ ఒంట్లో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో, గంజి గిన్నెతో సహా వెళ్లి గడప అవతల పడ్డాను. పడి, కోపంగా తలెత్తాను కూడా. ఇల్లు లేదు. గడపా ద్వారబంధం ఉన్నాయి, వాటి వెనక మట్టి ఉంది.

వెళ్లినవాళ్లంతా తిరిగి వచ్చారు. అవే గంపలు. పొద్దున పైకి మోసిన మట్టినే సాయంత్రం దాకా ఎత్తి వాకిట్లో పోశారు. ఎదురింటి బాబాయి గంప కూడా అక్కర్లేదని చేతులతో తవ్వుతూ, నేను రెండు తెచ్చానే, రెండు తెచ్చానే అని ఏడుస్తున్నాడు. ఆయనను పట్టుకుని ఊరుకోబెట్టింది మా అత్తగారే. ఆ తరువాత ఆయన బతికిన పదేళ్లలో నా ఎదురుగా తలెత్తి నడవలేదు. ఆయనకు ఒక్క మాట ధైర్యం చెప్పి ఉండాల్సింది నేను. అదీ చెప్పలేదు.

ఇప్పుడా వైపు మట్టి మిద్దె చూద్దామన్నా కనిపించదు. అన్నీ స్లాబులే. చవుడు దాచే మూల లేదు, ఎవరి ఇల్లు కారిందో పక్కింటికి తెలియదు, తెలిసినా గంపతో వచ్చేవాళ్లు లేరు. ఆ రోజుల్లో ఊరంటే ఎంత కలిసికట్టుగా ఉండేదో చెప్పు అమ్మమ్మా అని పిల్లలు అడుగుతుంటారు. చెబుతాను, అబద్ధం కాదు కదా. ఆ ప్రేమ మళ్లీ రాదని బెంగగానే ఉంటుంది. ఆ ప్రేమే మా ఇంటి మీద పడిందని మాత్రం చెప్పలేక ఊరుకుంటాను.

మా ఆయన జీవితంలో ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తింది ఒకే ఒక్కసారి, తనూ మంచాన పడ్డాక, నేను మందు పోస్తుంటే. "ఆ రోజు నువ్వు ఇంకోసారి చెప్పుంటే ఆపేవాడినేమో" అన్నారు. నింద వేయడానికి అనలేదు, అన్నాళ్లూ తనలో తాను మోసింది దించుకోవడానికి అన్నారు. నాకు కోపం రాలేదు. నిజమేనేమో అనిపించింది. ఈ కాలపు కోడళ్లు మామగారి ఎదుట కూర్చుని అది అలా కాదు మామయ్యా అని ఒకటికి నాలుగుసార్లు గొంతెత్తి వాదిస్తుంటే, నా ఈడు ఆడవాళ్లు కొందరు మూతి ముడుచుకుంటారు. నేను మాత్రం పని ఆపుకుని వింటాను, వాళ్లు ఇంకా గట్టిగా మాట్లాడితే బాగుండుననుకుంటాను. మాకు ఒకసారి చెప్పడమే ఎక్కువ. ఇంకోసారి చెప్పవచ్చునని ఎవరూ చెప్పలేదు.